బండి తోలడం రక్తంలో వుంటుందా?

మొన్నీమధ్య ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని గుత్తిలోని మా ఆసుపత్రికి వచ్చింది. కుర్రవాడికి జ్వరం లేదు, దగ్గు లేదు. నెలరోజులు కారు నేర్చుకుని లైసెన్సు టెస్టులో తప్పాడు, అంతే. "వీళ్ళ నాయన బస్సు డ్రైవరు సార్. పెదనాయన కూడా డ్రైవరే. వీడు మాత్రం స్టీరింగు పట్టుకుంటే చెమటలు కక్కుతాడు. నరాల బలహీనత వుందేమో చూడండి" అంది. కాస్సేపాగి, "రక్తపరీక్ష చేస్తే తెలుస్తుందా?" అని కూడా అడిగింది.

నవ్వకండి. "వాళ్ళ వంశంలోనే వుందండీ" అనే మాట మనందరి ఇళ్ళలోనూ వినిపించేదే. సంగీతానికి అంటాం, లెక్కలకి అంటాం, బండి తోలడానికీ అంటాం. ఆ తల్లికి నేను చెప్పిన జవాబు మీకూ చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

మా అబ్బ, అంటే నాయన తండ్రి, జోడెద్దుల బండి తోలేవాడు. సరుకు దించి రాత్రిపూట తిరిగొస్తూ బండిలోనే గోనెపట్టా పరుచుకుని నిద్రపోయేవాడట. ఎద్దులు ఇంటి ముందు వచ్చి నిలబడేవి. మా నాయన లారీ ఎక్కాడు. వేరుశనగ బస్తాలు, తాడిపత్రి బండలు వేసుకుని ముప్పై ఐదేళ్ళు హైదరాబాదు, బెంగుళూరు తిరిగాడు. అప్పట్లో అది 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 44 అయింది. ఇంత నిడుపాటి రోడ్డు మీద ఇన్నేళ్ళు తోలినా ఆయన చేతిలో ఒక ప్రమాదం జరగలేదు. మాది బండ్ల రక్తం అని ఊళ్ళో పేరు.

ఆ రక్తమే నాలోనూ వుండాలి కదా! నేను కారు నేర్చుకుంటూ మొదటి వారంలోనే కాంపౌండు గోడని గుద్దాను. ఇప్పటికీ రివర్సు చెయ్యాలంటే ఎవరైనా వెనక నిలబడి "రా రా" అనాలి. మా ఆవిడది పంతుళ్ళ కుటుంబం. మా మామగారు సైకిలు కూడా ఎక్కి ఎరగరు. ఆమె ముప్పై ఎనిమిదో ఏట నేర్చుకుంది. ఇవాళ మా ఇంట్లో అందరికంటె బాగా తోలేది ఆమే. నేను నేర్చుకున్నది ఆదివారం ఆదివారం నాలుగేసి గంటలు. ఆమె నేర్చుకున్నది రోజూ అరగంట. ఇందులో పెద్ద కిటుకు వుంది. చేతులు కాళ్ళు కొత్తగా నేర్చుకున్న పని ఆ రాత్రి నిద్రలో మెదడులో కుదురుకుంటుంది. ఒకేరోజు నాలుగు గంటలు రుద్దడం కంటె ఎనిమిది రోజులు అరగంట చొప్పున చెయ్యడమే మేలు. అవతల నిద్ర చాలకపోతే ఆ అరగంటా వృథా. ఆ కుర్రవాణ్ణి అడిగితే, పొద్దున నాలుగింటికి లేచి వేరే పరీక్షకి చదివి, ఆరింటికి కారు నేర్చుకోవడానికి వెళ్తున్నాడట!

అలాగని జన్యువుల పాత్ర అసలే లేదని కాదు. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్‌లో స్టీవెన్ క్రామర్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించారు. మనం ఏదైనా నేర్చుకునేటప్పుడు మెదడు కణాల మధ్య బంధాలు గట్టిపడటానికి బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రొటీను తోడ్పడుతుంది. ఆ ప్రొటీనుని తయారుచేయించే జన్యువులో కొందరికి చిన్న తేడా వుంటుంది. అలాంటివాళ్ళలో ఆ ప్రొటీను అవసరానికి తగినంత విడుదల కాదు. అమెరికాలో సుమారు నూటికి ముప్పై మందికి ఈ తేడా వుంది. క్రామర్ బృందం 29 మందిని యంత్రం ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే రోడ్డు మీద 15 చుట్లు కారు నడిపించింది. నాలుగు రోజుల తరువాత మళ్ళీ నడిపించింది. తేడా వున్నవాళ్ళు రెండుసార్లూ ఎక్కువ తప్పులు చేశారు. మొదటిసారి నేర్చుకున్నది రెండోసారికి ఎక్కువగా మరిచిపోయారు.

పత్రికలు ఇంకేముంది, "చెడ్డ డ్రైవరు జన్యువు దొరికింది" అన్నాయి. కాని ఆ 29 మందిలో తేడా వున్నవాళ్ళు ఏడుగురే. వాళ్ళు నడిపింది బొమ్మ రోడ్డు మీద. గొర్రెల మంద అడ్డం రాదు, ఎదురుగా ట్రాక్టరు రాంగు సైడులో రాదు. నేర్చుకోవడానికి కొందరికి మరికాస్త సమయం పట్టవచ్చునని దాన్నిబట్టి అనుకోవచ్చు. అంతకుమించి ఏమీ అనుకోకూడదు. కాబట్టి డ్రైవింగు వస్తుందో రాదో చూసుకోవడానికి జన్యుపరీక్షలకి డబ్బు తగలెయ్యకండి. ఆ తల్లికి అదే చెప్పి పంపించాను. కుర్రవాడికి ఇంకో నెల గడువు, ఏడు గంటల నిద్ర రాసిచ్చాను.

అయితే, మా నాయన రక్తంలోంచి మాకు నిజంగా వచ్చింది ఒకటుంది. అది డ్రైవింగు కాదు.

మా అక్క కొడుకు రైల్వేలో అసిస్టెంటు లోకో పైలట్ ఉద్యోగానికి ప్రయత్నించాడు. మాది రైల్వే మనుషుల ఊరు. గుత్తిలో డీజిల్ షెడ్డు, పక్కనే గుంతకల్లు డివిజను. ఇక్కడ పిల్లవాడు ఇంజను కూతతో నిద్ర లేస్తాడు, ఇంజను ఎక్కాలనే అనుకుంటాడు. రాతపరీక్షలు పాసయ్యాడు. వైద్యపరీక్షలో రంగురంగుల చుక్కల పుస్తకం చూపించి చుక్కల మధ్య అంకె చదవమన్నారు. జపాను డాక్టరు ఇషిహారా 1917లో తయారుచేసిన పరీక్ష అది. వాడికి అంకె కనిపించలేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని వర్ణాంధత్వం.

అక్క నా దగ్గర కూర్చుని ఏడ్చింది. వాళ్ళ అత్తగారు "మా వైపు ఎవరికీ ఇట్లాంటిది ల్యా" అన్నదట. ఆ మాట నిజమేనని నేను అక్కకి ఎలా చెప్పను? ఈ లోపం ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది. తండ్రి ఎక్స్ కూతుళ్ళందరికీ వెళ్తుంది, కొడుకులకి వెళ్ళదు. కూతురికి తల్లినుంచి వచ్చిన రెండో ఎక్స్ మంచిదైతే ఆమెకి చూపు బాగానే వుంటుంది. కాని ఆమెకి పుట్టే ప్రతి మగపిల్లవాడికీ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే ఇది తాతనుంచి మనవడికి, మధ్యలో తల్లిని ముట్టకుండా దాటి వస్తుంది. తల్లి తప్పేమీ లేదు. ఐరోపా మగవాళ్ళలో నూటికి ఎనిమిది మందికి వుంది, మనదేశంలో అంతకంటె తక్కువ. ఆడవాళ్ళలో చాలా అరుదు.

ఇంటికి వెళ్ళి అదే పుస్తకం నాయన ముందు పెట్టాను. "ఏముందిరా దీంట్లో? వట్టి చుక్కలు" అన్నాడు. పక్కనే వున్న అమ్మ పక్కున నవ్వింది. "మీ నాయనకు పెండ్లయినకాన్నించి మిరపపండ్లు కనపడవు. చేనికి పంపిస్తే పచ్చివి, పండువి అన్నీ కోసుకొస్తాడు. సోమరితనం అనుకుంటి" అంది. అంత పెద్ద డ్రైవరు బెంగుళూరు సిగ్నళ్ళ దగ్గర ఏంచేశాడంటారా? పై దీపం వెలిగితే ఆగాలి, కింద దీపం వెలిగితే పోవాలి. రంగుతో ఆయనకు పనే పడలేదు. తనకు లోపం వుందనే సంగతి డెబ్బై దాటిందాకా ఆయనకీ తెలియదు.

రైలుకి అలా కుదరదు. రాత్రిపూట దూరంగా ఒంటరిగా వెలిగే దీపం ఎర్రదా పచ్చదా అన్నదే అక్కడ ప్రాణం. 1875లో స్వీడన్‌లో లాగెర్లుండా దగ్గర రెండు రైళ్ళు గుద్దుకున్నప్పుడు, రంగులు గుర్తుపట్టలేకపోవడమే కారణమేమో అని హోల్మ్‌గ్రెన్ అనే ప్రొఫెసరు అనుమానించి, రంగు ఉన్ని పోగులతో రైల్వే ఉద్యోగులను పరీక్షించడం మొదలుపెట్టాడు. రైల్వేల్లో ఆ పట్టు ఇప్పటికీ సడలలేదు. కారు సంగతి వేరు. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వం నిబంధనలు సవరించి, కొద్దిపాటి, మధ్యరకం వర్ణాంధత్వం వున్నవాళ్ళకు లైసెన్సు ఇవ్వవచ్చునంది. తీవ్రంగా వున్నవాళ్ళకు మాత్రం ఇవ్వరు. మా మేనల్లుడిది కొద్దిపాటిదే. కనుక మీ పిల్లవాడు రైలింజనుకో, విమానానికో పోతానంటే కోచింగుకి వేలు కట్టకముందే కంటి డాక్టరు దగ్గర ఆ చుక్కల పుస్తకం చూపించండి. అయిదు నిమిషాల పని. మావాడు రెండేళ్ళు చదివాక తెలుసుకున్నాడు.

ఇక జ్ఞాపకశక్తి. ఇదే నన్ను నిద్ర పోనివ్వలేదు.

రెండేళ్ళ క్రితం నాయన, అమ్మ పాత మారుతి కారులో పామిడికి పెళ్ళికి బయలుదేరారు. గుత్తినుంచి పామిడి అనంతపురం దారిలో, దక్షిణంగా వుంది. పాతిక కిలోమీటర్లకి పెన్న వంతెన. అదంతా నాయన కళ్ళు మూసుకుని తోలగల రోడ్డు. హైవే ఎక్కి ఉత్తరానికి, డోను వైపు తిరిగాడు. ఎంతో నిదానంగా, చక్కగా తోలాడట. మధ్యలో గొర్రెలు అడ్డం వస్తే సరిగ్గా ఎక్కడ బ్రేకు పడాలో అక్కడే పడింది. కర్నూలు బోర్డు చూసి అమ్మ "యాడికి పోతాండాము?" అంటే, "ఈ నా కొడుకులు కొత్త రోడ్లేసి దోవలన్నీ మార్చేసినారు" అన్నాడు. మేమంతా నమ్మాం. రోడ్లు మారింది నిజమే కదా!

డాక్టరునై వుండీ నేను ఎలా మోసపోయానో చెబుతాను, మీరు మోసపోకుండా వుంటారు. జ్ఞాపకం అనేది ఒక్కటి కాదు. చేతి జ్ఞాపకం వేరు, దోవ జ్ఞాపకం వేరు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఇరవై ఏడేళ్ళ యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే భాగం చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆ తరువాత కొత్తగా ఏది జరిగినా అతనికి గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే ఆమె అతనిచేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయించింది. అది చాలా తికమక పని. మూడు రోజుల్లో అతని చెయ్యి చక్కగా తిరిగింది. అయితే ప్రతిరోజూ "ఇది నేనెప్పుడూ చెయ్యలేదే" అనేవాడు! చేతులు నేర్చిన పని చిన్నమెదడులోనూ, మెదడు లోతున మరికొన్ని భాగాల్లోనూ వుంటుంది. దోవలు, నిన్నటి సంగతులు హిప్పోకాంపస్ చూసుకుంటుంది.

ఆ భాగం వాడకంతో పెరుగుతుంది కూడా. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే సుమారు 25,000 వీధులు కంఠతా రావాలి. ఎలీనర్ మగ్వైర్, కేథరిన్ వుల్లెట్ అనే పరిశోధకులు అలా నేర్చుకుంటున్న 79 మందిని కొన్నేళ్ళు గమనించి 2011లో ఫలితాలు చెప్పారు. పాసైన 39 మందిలో హిప్పోకాంపస్ వెనకభాగం పెరిగింది. తప్పినవాళ్ళలో పెరగలేదు. మొదట్లో అందరివీ ఒకేలా వున్నాయి. పుట్టుకతో వచ్చిన పెద్ద మెదడు వల్ల వాళ్ళు పాసు కాలేదన్నమాట.

రైల్వేవాళ్ళు ఈ సంగతి తమ పద్ధతిలో ఎప్పుడో గ్రహించారు. పట్టాల మీద పోయే బండికి దోవ తప్పే భయమే లేదు. అయినా కొత్త సెక్షనులో బండి ఇచ్చేముందు డ్రైవరుని ఆ దారిలో తిప్పి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఎక్కడ సిగ్నలు అన్నీ నేర్పిస్తారు. దాన్ని రోడ్ లెర్నింగు అంటారు. మూడు నెలలకి మించి ఆ దారిలో పోకపోతే మళ్ళీ తిప్పి చూపించాకే బండి చేతికిస్తారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్నా సరే. మనం ఇళ్ళలో ఆ పట్టింపు పెట్టుకోము.

వయసులో వచ్చే మతిమరుపు జబ్బుల్లో ముఖ్యమైనది ఆల్జీమర్స్. అది సాధారణంగా మొట్టమొదట దెబ్బతీసేవాటిలో హిప్పోకాంపస్ ఒకటి. చేతి జ్ఞాపకం చాలాకాలం చెక్కుచెదరదు. అందుకే క్లచ్చి, గేరు, బ్రేకు అన్నీ నాజూగ్గా పడుతుంటాయి. మనిషి మాత్రం పామిడికని బయలుదేరి డోను పోతుంటాడు. చేతులు చూసి మనం భేష్ అంటాం. నిజానికి కొత్త చిక్కు ఎదురైనప్పుడు, అంటే ఒకేసారి రెండు వైపులనుంచి బండ్లు వచ్చినప్పుడో, పిల్లవాడు పరిగెత్తినప్పుడో, చేతులకి హుకుం ఇవ్వవలసింది మెదడు. అది ఆలస్యమవుతుంది.

తరువాత వెనక్కి ఆలోచిస్తే గుర్తులన్నీ మా కళ్ళముందే వున్నాయి. కారు ఎడమ పక్క కొత్త గీతలు. కూడలి రాగానే అనవసరంగా ఆగిపోవడం. అన్నిటికంటె పెద్ద గుర్తు, పక్కన కూర్చుని అమ్మ "ఇప్పుడు ఎడమకు, ఇప్పుడు నిదానం" అని చెబుతుంటేనే బండి నడవడం. మీ ఇంట్లోనూ అలా వుంటే, అది దంపతుల కబుర్లని సరిపెట్టుకోకండి.

ఇంతలో నాయన లైసెన్సు రెన్యూవలు వచ్చింది. ఆ వయసులో ఐదేళ్ళకొకసారి చేయించుకోవాలి. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సర్టిఫికెట్టు వుండాలి, ఫారం 1-ఎ. ప్రభుత్వ సర్వీసులో వున్నన్నాళ్ళు నేనూ అలాంటివి ఎన్నో రాశాను. చూపు, వినికిడి, చేతులు, కాళ్ళు, కీళ్ళు ప్రత్యేకంగా చూశానని డాక్టరు రాసివ్వాలి. జ్ఞాపకశక్తి ఎలా వుందని అడిగే గడి మాత్రం నాకు అందులో ఎన్నడూ కనిపించలేదు. నాయన ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చిన్నోడా, దీంట్లో ఒగ సంతకం గీకు" అన్నాడు.

నేను తెల్లకాగితం ఇచ్చి, "ముందు ఒక గడియారం బొమ్మ గియ్యి నాయనా. పదకొండు గంటల పది నిమిషాలు చూపించు" అన్నాను. ఆటగా తీసుకున్నాడు. గుండ్రం బాగా వచ్చింది. అంకెలన్నీ కుడివైపున ఇరికించాడు. ముల్లులు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆ ఒక్క బొమ్మతో జబ్బు తేల్చెయ్యకూడదు. మతిమరుపులో బాగుచెయ్యగలిగినవి కొన్ని వున్నాయి: థైరాయిడు తక్కువ కావడం, బి-12 విటమిను లోపం, దిగులు, నిద్రమాత్రలు, షుగరు మరీ పడిపోవడం. జలుబు మాత్రలు కొన్ని కూడా పెద్దవాళ్ళని మత్తులో ముంచుతాయి. వీటిని ముందు చూసుకోవాలి. నాయనకి బి-12 తక్కువగానే వుంది. ఇంజెక్షన్లు వేశాక కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి. దోవ మాత్రం తిరిగి రాలేదు. కర్నూలులో తీయించిన స్కానులో నేను భయపడ్డదే కనిపించింది.

సంతకం పెట్టలేనని చెప్పాను. "నలభై ఏండ్లు తోలినా. ఒగ కోడిపిల్లను తొక్కిచ్చల్యా. గోడకు గుద్దినోడివి, నువ్వు నాకు చెప్తాండావా?" అన్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ కూడా, "ఆ మారాజుకు ఉండేదే ఆ ఒక్క సంబడం, తీసేస్తివి కదరా" అంది. తాళంచెవి దాచెయ్యమని బంధువులు సలహా ఇచ్చారు. ఇంట్లో దొంగతనం మొదలైతే రోగికి అనుమానం పెరుగుతుంది, కోపం పెరుగుతుంది. దానికి బదులు బయటికి వెళ్ళవలసిన పనులు ముందే తెలుసుకుని, ఎవరు తీసుకెళ్ళేదీ ఏర్పాటు చేశాం. గురువారం బ్యాంకుకి మా ఆవిడ, శనివారం గుడికి అక్క. బండి మానెయ్యమని చెప్పేముందు కాళ్ళు కట్టేసినట్టు కాకుండా చూడటం ఇంటివాళ్ళ పని. మేము ఆ పని వెనకాల చేశాం, మీరు ముందు చెయ్యండి. అన్నట్టు, ఆ సంభాషణ కొడుకు చెయ్యడం కంటె బయటి డాక్టరు చేస్తే మర్యాద దక్కుతుంది.

అయిదో రోజు నాయనే మాట కలిపాడు. మా మేనల్లుడు వచ్చి, "అబ్బా, నాకు కారు నేర్పు" అని అడిగాడు. వేరుశనగ పీకేసిన మా చేనులో, గట్ల లోపలే, మా పాత మారుతి తిరుగుతోంది. స్టీరింగు మనవడిది, ఎడమ సీటు తాతది. రోడ్డెక్కవలసివస్తే పక్కన మా ఆవిడ కూర్చుంటుంది. నిన్న ఏమి నేర్పాడో నాయనకి గుర్తుండదు. అందుకని రోజూ మొదటినుంచి, క్లచ్చి నొక్కడం దగ్గరే మొదలుపెడతాడు. "నిదానంగా ఇడువు, నిదానంగా, పాలచెంబు దించినట్ల." మావాడు ఇరవై రోజులుగా అదే పాఠం వింటున్నాడు. క్లచ్చి మాత్రం వాడికి బ్రహ్మాండంగా కుదిరింది.